రోకలికి కట్టే కప్ప

పాతపాళ్య ఊరి పక్కన సోలార్ కంపెనీ గేటు. లోపల కాపలా లోకేశ్. బయట అతని మేనత్త మునివెంకటమ్మ, ఆమె వెనక వేపమండలు చుట్టిన రోకలితో కోడలు హేమావతి.

“ఒక్క కప్ప, లోకేశా. కంపెనీని రాసియ్యమని అడగలేదు.”

“ఎవర్నీ వదలొద్దన్నారత్తా. పైన క్యామెరా ఉండాది.”

“ఉండనీ. ముసల్ది కప్పను పట్టేది వాళ్ళు గూడా చూడనీ.”

“మన కుంటలో పట్టుకోకూడదా?”

“కుంటలో యాడుండాయిరా? నెర్రెలిచ్చి పడుండాది. ఊరంతా తిరిగినాం. ఆఖరికి మీ కంపెనీ నీళ్ళగుంతలో అరస్తాంటే వినపడింది. రోకలికి కప్పను కట్టకుండా ఎవరింటి ముందర నిలబడి నీళ్ళు పొయ్యమనేది?”

“ఈ కాలంలో గూడా కప్పను మోస్తే వానొస్తాదా?”

“మీ అమ్మ మోసినప్పుడు రాలేదా? ఆ వానలో తడిసొచ్చి తన్నులు తిన్నావు. యూనిఫారం ఏసుకుంటే అవన్నీ మర్చిపోతారేమో.”

“ఉత్తపుణ్యానికి తిట్టొద్దు.”

“ఉత్తపుణ్యానికా? మీ సోలార్ పలకల కింద గడ్డి లేదు, కుందేలు లేదు. గొర్రెల్ని పక్కూరికి తోలుకుపోతాండాం. ఇప్పుడు కప్పకి గూడా కాపలానా? చెనిక్కాయ పూతమీద వాడిపోతాంది. కుంటకి నీళ్ళు రాకపోతే పీకి ఎద్దులకి ఎయ్యాల్సిందే.”

“రావు.”

“ఏమిరా?”

“ఏం లేదు. ఇంటికి పో అత్తా, ఎండ.”

“ఏందో అన్నావు.”

“ఎన్ని కప్పలు మోసినా కుంటకి నీళ్ళు రావంటాండా.”

“శాపం పెడతాండావా?”

“పోయిన నెల వాన పడలేదా? గట్టిగానే పడింది కదా. కుంట నిండిందా?”

“చాల్లేదన్నారు పెద్దోళ్ళు. అందుకే కదా ఈ రోకలి.”

“చాలింది. షెడ్డు వెనక, మన కుంటకి పొయ్యే వంకకి అడ్డంగా కట్ట ఏసినారు. గుట్ట మీద పడిందంతా ఈ గుంతలోకే. పలకలు కడిగేదానికి.”

“ఎప్పుడు?”

“ఉగాదికి ముందే.”

“ఉగాది నించీ తెలుసు నీకు.”

“జీతం అత్తా…”

“ఊరంతా ఆకాశం పక్క చూస్తాంటే, నువ్వు ఈడ కుర్చీ ఏసుకోని కూసున్నావు.”

“నేనేం చేసేది?”

“నీ చేను గూడా ఆ కుంట కిందే కదరా.”

“నాదీ వాడిపోతాందత్తా.”

“హేమా, కప్ప వద్దులే. ఆ రోకలి ఇట్లియ్యి.”

“అత్తా, బీగం మీద కొట్టొద్దు. ఆగు.”

“జరుగు. తగుల్తాది.”

“రోకలితో కట్ట తెగదత్తా. బీగం నేను తీస్తా. షెడ్డులో గడ్డపార ఉండాది, రా.”