గోడ దాటిన నికుజాగా

"నా వంటదేముందిలే, నీళ్ళు కాచినా అడుగంటే చెయ్యి నాది," అని మొదలుపెట్టాడు తొకుజిరో, మెడదాకా వేడినీళ్ళలో దిగి, మడిచిన తువాలు నెత్తిన పెట్టుకుని. ముందు తనని తాను నాలుగు తిట్టుకుంటే ఆ తర్వాత ఎంత కోసినా జనం వింటారు. ఒసాకాలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి నేర్చుకున్న విద్య అది.

సాయంత్రం నాలుగు. వీధి స్నానశాల అప్పుడే తెరిచారు. తొట్టిలో ముగ్గురే: తొకుజిరో, తోఫు చేసి అమ్మే మినోబె, మంగలి కుసాకా. ఆడవాళ్ళ తొట్టి గోడకవతల, ఆ గోడ పైకప్పుదాకా పోదు. రోజూ నాలుగున్నరకి దాని మీంచి "ఏవండీ, నేను లేస్తున్నా" అని భార్య ఫుసాయె గొంతు వచ్చేది. "ఆఁ" అని ఇతనూ లేచేవాడు. పదిహేను రోజులుగా ఆ గొంతు లేదు.

ఆవిడ వెళ్ళిన రోజు తొకుజిరో టీవీలో బేస్‌బాల్ మీంచి తల తిప్పకుండా, "ఇవాళా నికుజాగాయేనా? నాలుగు దుంపలు, గుప్పెడు మాంసం ఉడకేస్తే అయిపోయె," అన్నాడు. ఆవిడ ఏప్రన్ విప్పి అతని ఒళ్ళో పెట్టి, "అయితే వండుకోండి," అని రెండు వీధుల అవతల చెల్లెలింటికి వెళ్ళిపోయింది. అక్కడ ఇంట్లోనే స్నానాలగది ఉంది.

ఇందాక గుమ్మంలో, ఆడా మగా రెండువైపులా కనపడే ఎత్తు పీట మీద కూర్చుని స్నానానికి డబ్బులు తీసుకునే ముసలావిడ, "ఇవాళ కాస్త గొంతు తగ్గించుకో నాయనా," అంది. ఎప్పుడూ అనేదేగా అనుకున్నాడు.

"అయితే నిజంగా వండావట్రా?" అన్నాడు మినోబె.

"వండటమంటే, ముందు దుంప తొక్కు తీశాను. ఎక్కడా తెగలేదు. అది కిటికీలోంచి వీధిలోకి జారితే ఆడపిల్లలు తాడాట ఆడుకున్నారు. తర్వాత ఉల్లిపాయ. మా పక్కింటావిడ ఎనిమిదేళ్ళ కింద మొగుడు పోయినప్పుడు కన్ను తడపలేదు చూడు, ఆ ఎనిమిదేళ్ళ ఏడుపూ నా ఉల్లిపాయకి ఒక్కసారే ఏడ్చేసింది."

"ముందు చక్కెర వేశావా, సోయానా?" అని కుసాకా.

"నేను వేసేదేమిటి, అవే నన్నడిగి పడ్డాయి. మరి కూర మీదే ఆనేటట్టు చిన్న చెక్కమూత వేస్తాం కదా, అది ఆవిరికి లేచి గిర్రున తిరిగింది. పోతోంది కదా అని పట్టుకున్నానా, నన్నూ ఎత్తుకుపోయి ఇంటికప్పు మీద తేల్చింది. అక్కణ్ణుంచి చూస్తే స్టేషన్లో రైలు ఆగిపోయి ఉంది. ఎందుకో తెలుసా?"

"వాసనకి."

"వాసనకే. సిగ్నల్ పాడైందని మైకులో అన్నారు గానీ, డ్రైవరు అన్నం గిన్నె పట్టుకు దిగడం కళ్ళారా చూశాను."

"కప్పు మీంచి."

"కప్పు మీంచే. నాలుగు దుంపల కూర నాలుగొందల మందికి పెట్టాను, గిన్నె అడుగు కనపడితే ఒట్టు."

ఆ చివరి మాట మాత్రం నిజం. అడుగు ఇప్పటికీ కనపడటం లేదు, అంతా బొగ్గు. ఆట చూస్తూ మాడ్చిన ఆ గిన్నెని పెరట్లో పూలకుండీ వెనక దాచి, వేడినీళ్ళు పోసుకు తినే నూడిల్స్‌తో రోజులు వెళ్ళదీస్తున్నాడు.

"ఆఖర్న ఎవరొచ్చారో తెలుసా? క్యోతోలో మూడొందల ఏళ్ళనాటి భోజనశాల పెద్ద వంటవాడు. గుమ్మంలో నుదురు నేలకానించి శిష్యుడిగా చేర్చుకోమన్నాడు. అంట్లు తోముకోవాలి, మళ్ళీ రమ్మన్నాను."

"అది సరే, మరి ఫుసాయెగారు ఎప్పుడొస్తున్నారు?" అన్నాడు మినోబె.

తొకుజిరో గుప్పెడు నీళ్ళు మొహాన కొట్టుకున్నాడు. ఈ పదిహేను రోజులూ వీధిలో చెక్కచెప్పులు టకటకమంటే చాలు, లేచి గుమ్మందాకా వెళ్ళి వస్తున్నాడు. అది మినోబెతో చెప్పుకునే సంగతా?

"రావడం దేనికి? వచ్చినా నా వంటింట్లో కాలికడ్డం."

గోడకవతల బకెట్ ఠంగుమంది.

"ఏవండీ."

తొకుజిరో నెత్తిమీది తువాలు నీళ్ళలో పడింది.

"చెల్లెలింట్లో గీజరు పాడైతే ఇటొచ్చాను. అంతా విన్నాను. ఇంకో రెండు నెలలు ఉండమంటోంది అది. మీ కాలికడ్డం ఎందుకు, ఉండిపోనా?"

మినోబె కుళాయిని కొత్తగా చూస్తున్నట్టు చూడసాగాడు.

"ఫుసాయే."

"ఆఁ."

"మాడిపోయింది."

"వినపడట్లేదండీ."

"కూర మాడిపోయింది."

"ఇక్కడ మూలనున్న బామ్మగారికి వినపడలేదట. కాస్త గట్టిగా."

తొకుజిరో ఉన్నవాడు ఉన్నట్టే లేచి నిలబడి గోడకేసి తిరిగాడు. "దుంపలు మాడాయి, మాంసం మాడింది, గిన్నె మాడింది. తొక్కు తీయడం కూడా రాలేదు నాకు. ఇంటికి రా."

అటువైపు ఎవరో చప్పట్లు కొట్టారు.

"గిన్నె సంగతి నాకు తెలుసు. మధ్యాహ్నం మీరు ఇంట్లో లేనప్పుడు శాలువా కోసం వచ్చి కుండీ వెనక చూశాను. అది మీరే తోమాలి."

"తోముతాను."

"మరి ఆ రైలు కదిలిందా?" అన్నాడు కుసాకా.

"నువ్వు నోర్ముయ్."

 నాలుగున్నరకి గోడ మీంచి, "ఏవండీ, నేను లేస్తున్నా."

"ఆఁ," అన్నాడు తొకుజిరో. అనడమేమిటి, అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

"గొంతు తగ్గించుకోమంటే విన్నావా నాయనా," అంది ఎత్తు పీట మీది ముసలావిడ. ఆ పైన అతని చేతిలో తువాలు లేదని గమనించి, ఆడవాళ్ళ వైపుకి తిరిగి కూర్చుంది.