మీ తమ్ముడి ఇంజిన్ మూత

నరాల డాక్టరా? ఆయనకా? ముందు మీరు కూర్చోండి వదినా. ఆ సంచీ అలా కింద పెట్టండి. అపాయింట్‌మెంట్ కూడా తీసుకుని మరీ వచ్చారంటే, ఫోన్లో మీ తమ్ముడు ఎంత దీనంగా చెప్పుంటారో నాకు తెలుస్తోంది.

ఆయన చేతులకి ఏ జబ్బూ లేదు. అంత గట్టిగా ఎలా చెప్తున్నానంటారా? చెప్తాను. మీరు అలా కళ్ళు పెద్దవి చేసి చూడకండి, అసలే చెప్పడానికి నోరు రావట్లేదు. ఆయన వెనకవైపు వంటింట్లో ఉన్నారులెండి, వినపడదు.

అంతా ఆ కారు తెచ్చిన తంటా. మా పెళ్ళి కంటే ముందు పుట్టిన కారది, మీరూ చూశారుగా. గడియారాల కొట్టు మూసేశాక ఖాళీగా కూర్చోలేక తెచ్చుకున్నారు. ముప్పై నాలుగేళ్ళు కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి వదిలితే ఎగిరిపోయేంత చిన్న మరల్ని బిగించిన మనిషి కదా. ఆ చేతులకి ఏదో ఒకటి కావాలి. పోనీలే, కాళ్ళకి అడ్డం పడకుండా షెడ్డులో ఉంటారని నేనూ సంతోషించాను.

అన్నీ బాగుచేశారు. బ్రేకులు, సీట్లు, తలుపు గడియలు, అన్నీ. చివరికి ఒకటే మిగిలింది. ఇంజిన్ నెత్తిన ఒక మూత ఉంటుంది వదినా, రాకర్ కవరంటారు. నేను బ్రెడ్ చేసే పొడుగాటి అచ్చుని బోర్లించినట్టుంటుంది. దాని అంచు చుట్టూ కార్కు ప్యాకింగ్ ఉంటుంది, లోపలి ఆయిలు బయటికి రాకుండా. మన కారుకి అక్కడే కారేది. కారిన ఆయిలు పక్కనున్న వేడి గొట్టం మీద పడి పొగ. కార్లో వెళ్ళొస్తే బట్టలన్నీ మాడు కంపు.

సరిగ్గా అప్పుడే పాత కార్లవాళ్ళ సంఘం నుంచి కబురొచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారం ఊరేగింపు, మీరూ రండి అని. ఆయన్ని పిలవడం అదే మొదటిసారి. ఆ చీటీని అద్దానికి అంటించుకుని, గడ్డం గీసుకుంటూ రోజూ చదువుకునేవారు. తేదీ మారిపోతుందేమో అన్నట్టు.

ఇక ఆ మూత పని చూడాలి మీరు. పాత రంగు గీకితే కింద ఇంకో రంగు, దాని కింద ఇంకోటి. సొట్టలన్నీ ఇసుక సంచీ మీద పెట్టి చెక్క సుత్తితో నెమ్మదిగా తీశారు. అంచు సమంగా ఉందో లేదో అద్దం పలక మీద బోర్లించి, కిందనుంచి సిగరెట్ కాగితం దూరుతుందేమో చూశారు. చుట్టూ ఎక్కడా దూరలేదు. నన్ను పిలిచి నన్నూ దూర్చి చూడమన్నారు. బాగానే ఉందండీ అన్నాను. ‘బాగానే’ ఏమిటి అని ముఖం ముడుచుకున్నారు.

తర్వాత రంగు. మామూలు రంగు పనికిరాదట. ముడతలు పడే రంగు కావాలిట. మనమేమో ముడతలు పోవాలని క్రీములు రాసుకుంటుంటే, ఆయన ముడతల కోసం ఏరికోరి డబ్బా తెప్పించుకున్నారు. నవ్వకండి, అసలు కథ ఇక్కడే ఉంది. ఆ ముడతలు చక్కగా రావాలంటే రంగేశాక వేడి తగలాలి. గంటసేపు, ఎక్కడా ఎక్కువ తక్కువ కాకుండా.

అంత నిలకడైన వేడి ఇంట్లో ఎక్కడుంది? నా ఓవెన్లో.

నేను ఎక్కడికో కేకులు ఇవ్వడానికి వెళ్ళాను. వచ్చేసరికి ఈయన ఓవెన్ ముందు పీట వేసుకుని, గాజు తలుపులోంచి లోపలికి చూస్తూ కూర్చున్నారు. మా పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అలా చూడలేదు. ఏం పెట్టారండీ అంటే, నోటి మీద వేలు పెట్టి, ‘ష్, ఇప్పుడే ముడత పట్టుకుంటోంది’ అన్నారు.

ఆ సాయంత్రమే నేను అరవై మందికి కేకు చేయాలి. బడి పెద్ద టీచరుగారు రిటైరవుతున్నారు. ఓవెన్ మూడుసార్లు కడిగాను, నిమ్మకాయతో తుడిచాను, తలుపు తీసి ఆరబెట్టాను. వేరే దారి లేక అందులోనే చేశాను. మర్నాడు ఆ టీచరుగారు ఫోన్ చేసి ఎంతో మర్యాదగా, కేకు చాలా బాగుందమ్మా, మీ ఇంట్లో తలుపులకేమైనా రంగులేయిస్తున్నారా అని అడిగారు.

సిగ్గుతో చచ్చిపోయాను వదినా. ఇరవై ఏళ్ళుగా నిలబెట్టుకున్న పేరు. ఈయనకి చెప్తే, ‘అయ్యో’ అని, వెంటనే, ‘ముడతలు మాత్రం అచ్చం కొత్తదానిలా వచ్చాయి, చూశావా’ అన్నారు.

మాట్లాడ్డం మానేశాను. పదకొండు రోజులు. ఆయన కనిపెట్టింది ఐదో రోజు.

ఐదో రోజున ఏం చేశారో తెలుసా? గొంతు బాలేదా, వేడినీళ్ళు తాగు అన్నారు. అంతే. మళ్ళీ షెడ్డులోకి.

ఊరేగింపుకి ముందు రోజు, శనివారం పొద్దున్న, ఆ మూతకి జిగురు రాసి కార్కు ప్యాకింగ్ అంటించారు. అంటించి, తిరగేసి, నా పిండి కలిపే బల్ల మీద పెట్టారు. ఇల్లు మొత్తంలో సమంగా ఉండే బల్ల అదొక్కటేనట. సాయంత్రం దాకా ముట్టుకోవద్దని చెప్పి జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళారు, మర్నాటి కోసం.

నాకేమో పన్నెండింటికి ఇవ్వాల్సిన బన్నులున్నాయి. ఆ మూతని ఎత్తి పక్కన పెట్టొచ్చు. రెండు చేతులా, నెమ్మదిగా. నాకు తెలీదా? కానీ అలా పెట్టలేదు వదినా. మోచేత్తో ఒక్క తోపు తోశాను. బల్ల చివరిదాకా జారింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఎత్తి చూస్తే ఒక మూల ప్యాకింగ్ పక్కకి జరిగుంది. జిగురింకా పచ్చిగానే ఉంది. బొటనవేలితో లోపలికి నొక్కాను. మడత పడింది. ఇంకోసారి నొక్కితే చిరిగింది, వేలెడంత. అప్పుడు భయమేసింది. మళ్ళీ అలాగే బోర్లించి, మొదట ఉన్నచోటే పెట్టి, బన్నులు వంటింటి గట్టు మీద చేసుకున్నాను.

చెప్పాల్సింది. ఆయన తిరిగొచ్చినప్పుడు, మెడ వెనక తెల్లగా గీసిన జుట్టుతో గుమ్మంలో నిలబడ్డప్పుడు, చెప్పేయాల్సింది. కానీ మాట్లాడ్డం మానేసి ఉన్నాను కదా.

సాయంత్రం మూత పట్టుకెళ్ళి బిగించేశారు. అడుగువైపు తిప్పి చూడలేదు. తనే అంటించింది కదా, చూడాల్సిన పనేముంది?

ఆదివారం నన్నూ రమ్మన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నారు. రోడ్డుకి రెండువైపులా జనం, పిల్లలు చేతులూపడం, ముందొక ఎర్ర కారు, వెనకొక పెళ్ళికొడుకులా అలంకరించిన వ్యాను. ఈయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, రాజుగారిలా కాస్త ఊపి లోపల పెట్టుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి, బాగుందండీ అన్నాను.

రెండో మలుపు దగ్గర మాడు వాసన. ముందు నాకే తెలిసింది.

తర్వాత పొగ. ఇంతకుముందు ఎప్పుడూ అంత రాలేదు. ఊరేగింపు మొత్తం ఆగింది. ఆయన దిగి బానెట్ ఎత్తేసరికి ఆ మూలనుంచి ఆయిలు ధారగా కారుతోంది. చేత్తో అడ్డం పెట్టారు, గుడ్డ కోసం వెతుక్కుని, దొరక్క చొక్కాతో తుడిచారు. ఎవరో సరదాగా ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు వదినా. అది చూడలేకపోయాను.

ఇంటికొచ్చి మూత విప్పి, ఆ చిరుగుని చాలాసేపు చూశారు. తర్వాత నాతో అన్నారు: “సరిగ్గా కూర్చోబెట్టలేదే నేను. కూర్చోలేదని నా వేళ్ళకి తెలీలేదు.”

అదీ జరిగింది. ఆ రోజునుంచి కాఫీ కప్పు పట్టుకుని చెయ్యి వణుకుతోందేమో చూసుకుంటారు. అలా పది నిమిషాలు చూసుకుంటే ఎవరి చెయ్యి వణకదు? పనిముట్లన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. కారు అమ్మేస్తానని ఆ సంఘంలోనే ఉన్న ఒక పళ్ళ డాక్టరుతో మాట్లాడుకున్నారు. ఆ డాక్టరు ఇవాళ నాలుగింటికి కారు చూడ్డానికి రావాలి.

మూడు వారాలైంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అడగండి. తిడతారని కాదు. మీ తమ్ముడికి తిట్టడం ఎక్కడొచ్చు?

షెడ్డు మూసేశాక ఆయనకి వెళ్ళడానికి చోటు లేక వంటింట్లోకి వచ్చారు. ఊరికే కూర్చుంటే విసుగ్గా ఉంది, ఏదైనా పని చెప్పమన్నారు. పిండి తూచమన్నాను. మీరు చూడాలి వదినా, గ్రాము తేడా రానివ్వరు. తూస్తూ కబుర్లు చెప్తారు. కొట్టుకొచ్చిన మనుషుల గురించి, మీ చిన్నప్పటి సంగతులు, మీరు చెట్టెక్కి దిగలేక ఏడవడం... ముప్పై ఒక్కేళ్ళలో నాతో అంత మాట్లాడ్డం ఎన్నడూ లేదు. నిన్న నా ముఖం చూసి, తలనొప్పిగా ఉందా అని అడిగారు. నిజంగానే తలనొప్పిగా ఉంది.

రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. ఒక మనిషి తన చేతులు పోయాయని కుమిలిపోతుంటే, నేను పక్కనే కూర్చుని సుఖపడ్డాను. ఇది చెప్పడానికే నోరు రాలేదు. ఆ చిరుగు సంగతి ఎంతసేపు చెప్పాలి?

పళ్ళ డాక్టరుకి పొద్దున్నే ఫోన్ చేసి రావద్దని చెప్పేశాను. ఇక మిగిలింది ఆయనకి చెప్పడమే. లేదు, మీరు రావద్దు. మీరుంటే నేను ఏడుస్తాను, ఆయన నన్ను ఓదారుస్తారు, నాకు అది వద్దు. మీరిక్కడే కూర్చుని ఆ నరాల డాక్టర్ అపాయింట్‌మెంట్ రద్దు చేయించండి.

చెప్పిన గంటలో అటక మీది మూట కిందికి దిగుతుంది, మీరే చూస్తారు. మళ్ళీ భోజనానికి నాలుగుసార్లు పిలవాలి.

పిండంటారా? ఇరవై ఏళ్ళు నేను తూచుకోలేదూ?