ఇంట్లో ఊరికే ఉండే మనిషి

ఊళ్ళో వాళ్ళంతా ఇంకా పెద్దకోడలనే పిలిచే ఆమెకి అరవై ఆరేళ్ళు. కూర్చునే తీరిక లేక నీళ్ళు కూడా నిలబడే తాగుతుంది.

"కదలకండి, గడ్డం గీస్తున్నాను, తెగుతుంది! ఆ, కదలలేరు కదూ. పక్షవాతం వచ్చి మీ నోరు పడిపోయి ఏడాదైనా నాకింకా అలవాటు కాలేదు, నేను మాట్లాడుతుంటే మీరు వినడం.

వ్యాను వచ్చేస్తుంది. ఈ గడ్డంతో వెళ్తే వృద్ధాశ్రమం వాళ్ళేమనుకుంటారు? పెళ్ళాం పట్టించుకోలేదనుకోరూ?

అలా చూడకండి. రైతు పెన్షన్‌కి పేర్లు రాసుకోడానికి గుమాస్తా వచ్చిన రోజు గుర్తుందా? మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సేద్యం చేస్తే ఇద్దరికీ ఇస్తామన్నాడు. నేనప్పుడే మడిలోంచి వచ్చాను, మోకాళ్ళదాకా బురద. 'మరి ఈమె?' అన్నాడు. మీరేమన్నారు? 'ఆవిడా? ఇంట్లో ఊరికే ఉంటుంది!' నవ్వారు కూడా.

ఊరికేనా? నాట్లెవరు వేశారండీ? కలుపెవరు తీశారు? గేదె ఈనలేక అల్లాడితే దాని పక్కన కూర్చుంది మీరా?

అడిగితే, 'నీకెందుకే పెన్షను, నేను లేనా?' అన్నారు. ఉన్నారుగా. మంచానికి అతుక్కుని ఉన్నారు.

ఆ గడువు అయిపోయిందట, ఇక నా పేరు ఎక్కదట. అంటే ఏంటి? చచ్చేదాకా వంగి చాకిరీ చెయ్యాలి. సరే, చేస్తాను. కానీ మిమ్మల్ని ఎత్తుతూ దించుతూ కాదు.

మొన్న ఆఫీసరమ్మ వచ్చిందా, చూసుకునే దిక్కులేని ముసలి రైతుల్ని ప్రభుత్వమే ఆశ్రమంలో పెట్టుకుంటుందని చెబుతూ? 'పిల్లల్లేరు సరే, మీరున్నారు కదమ్మా?' అంది. 'నేనా? ఊరికే ఉంటాను తల్లీ. నడుం పోయింది, ఏ పనీ చేతకాదు. ఆయన్నే అడుగు' అన్నాను.

పాపం, అడిగింది కూడా! మీరు చెయ్యెత్తి నన్ను చూపిద్దామనుకున్నారు. అది దుప్పటి మీదే కాస్త వణికి ఆగిపోయింది. 'చూశావా, ఈగని కూడా తోలుకోలేరు' అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఏడుస్తున్నారా? ఆగండి, నురగ కారిపోతోంది.

అవును, అబద్ధమే చెప్పాను. నా నడుం నిక్షేపంలా ఉంది. అదిగో హారను. చొక్కా తొడుగుతాను, చెయ్యి ఇలా ఇవ్వండి. అయ్యో, నేనే తీసుకోవాలి కదూ!"

ఆ తర్వాత ఆమె ఆయన్ని చూడ్డానికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పొలానికి మాత్రం రోజూ వెళ్ళింది.