ఆ జాబితా ఇంకా గోడ మీదే ఉంది

పెద్దలకు, గుణశేఖర్ గారి భార్య పంకజాక్షి అమ్మగారికి, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నా పేరు జయంతి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మన గుణశేఖర్ గారు పోయి పదమూడు రోజులైంది. ఆయన గురించి మాట్లాడమంటే మంచి మంచి మాటలు వెతికి రాసుకొచ్చాను. కానీ నిన్నటి నుంచి నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉంది. క్షమించండి.

ఇరవై ఏళ్లుగా ఆయన ఐరాల నుంచి బస్సులో వచ్చి, ఈ టౌన్లో మున్సిపల్ ఆఫీసు ఎదుట చిన్న బల్ల వేసుకుని, వచ్చినవాళ్లకు అర్జీలు రాసిచ్చారు. సెలవుల్లో నేను ఆయన దగ్గర రాయడం నేర్చుకున్నాను. ఒక ముసలమ్మ అర్జీలో 'హృదయవిదారకం', 'కన్నీటి సంద్రం' అని గొప్పగా రాశాను. ఆయన రెండూ కొట్టేసి, "ఈడ ఏడ్సాల్సింది నువ్వు కాదు పాపా. ఆమెకు ఏం గావాల్నో అది రాయి," అన్నారు.

రాసిన ప్రతి కాగితాన్నీ బోర్లా పెట్టేవారు. ఫలానా ఆయన ఎందుకు వచ్చినాడని ఎవరైనా అడిగితే, "నాకు మతిమరుపబ్బా. చెయ్యి రాస్తాది, తల మర్సిపోతాది," అని నవ్వేవారు. ఎన్ని ఇళ్ల సంగతులు ఆయనకు తెలుసు! ఒక్కటైనా బయటికి వచ్చిందా?

మరి ఆ ఆఫీసు ఏం చేసింది? జబ్బు పింఛన్ల జాబితాను గోడకు అంటించింది. పేరు, ఇంటి నంబరు, ఫోను, ఎదురుగా జబ్బు. అందులో ఒక అమ్మ ఉంది. పేరు చెప్పను. ఏం అమ్ముకుని బతికేదో కూడా చెప్పను. వారం తిరక్కుండానే ఆమె దగ్గర కొనేవాళ్లు లేకుండా పోయారు. నేనూ ఒక రోజు దారి మార్చుకుని వెళ్లాను. ఆ మాట ఆయనకు చెప్పుకోలేకపోయాను. ఆమె ఆయన దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది: "నా పేరు ఆడ్నుంచి తీసేయమని రాయన్నా."

ఆయన రాశారు. సోమవారం స్వయంగా ఇచ్చి వచ్చారు. వాళ్లేం చేశారో తెలుసా? 'ఈ వారం అందిన అర్జీలు' అంటూ దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు! పేరు దాచమని రాసిన అర్జీని ఊరంతా చదివింది.

రెండో అర్జీలో ఆయన ఆమె పేరు రాయలేదు. పేరు లేని అర్జీ తీసుకోం అన్నాడు గుమస్తా. "పేరుండేదే గదప్పా మా బాధ," అన్నారు ఈయన. తిరిగొచ్చారు. మళ్లీ వెళ్లారు. ఏడు సోమవారాలు, ఏడు అర్జీలు. ఎనిమిదో సోమవారం బస్సు దిగగానే ఆయన గుండె ఆగిపోయింది.

నిన్న ఆయన ఫోనుకు ఒక మెసేజి వచ్చింది: 'మీ అర్జీ పరిష్కరించబడింది.' పరుగున వెళ్లి చూశాను. జాబితా అక్కడే ఉంది. వానకు తడవకుండా దాని మీద ప్లాస్టిక్ కాగితం వేశారు. ఇదా పరిష్కారం? ఇందుకా ఆయన అన్నిసార్లు ఆ మెట్లెక్కింది?

రేపు సోమవారం. ఆయన సంచిలో మిగిలిన ఎనిమిదో అర్జీ తీసుకుని నేను వెళ్తున్నాను. ఆ కాగితం దిగేదాకా గోడ ముందు నుంచి కదలను. రాగలిగినవాళ్లు రండి.

ఇప్పుడు ఆయన కోసం అందరం లేద్దాం. రెండు నిమిషాలు మాటల్లేకుండా నిలబడదాం. దయచేసి ఫొటోలు తీయకండి. ఆ అమ్మ కూడా మన మధ్య ఉండవచ్చు. ఎవరా అని ఎవరూ తల తిప్పి చూడకండి.