ఇంటికొచ్చిన బంగారం

హలో… ఆ, నేనే, ఆర్డిత్‌ని… లేదన్నయ్యా, నువ్వు పంపిన బంగారం ఖాతా కాయితాల మీద సంతకం పెట్టలేదు. పెట్టను కూడా…

ఎందుకా? రేట్లు పోల్చి చూసుకోమన్నావుగా, చూశాను… నవ్వకు. రిటైర్మెంట్ ఖాతాల్లో బంగారం చూసిపెట్టే కస్టోడియన్లు నలుగురికి ఫోన్ చేశాను. ఒకాయన ఏడాదికి ఇంతని ఒకే రేటు చెప్పాడు. ఇంకొకాయన బంగారం విలువలో శాతం అన్నాడు. అంటే నా నాణెం కదలకుండా కూర్చున్నా, ధర పెరిగినప్పుడల్లా ఆయన జీతం పెరుగుతుందన్నమాట…

వాళ్ళు నాణేలు దాచే డెలావేర్ ఖజానాకి అద్దె అది కాక. నావి విడిగా పెడితే ఒక రేటు, అందరివాటితో కలిపేస్తే ఒక రేటు… తెలుసులే, నీకు ఆ ఖర్చేమీ లేదు. పోయిన థ్యాంక్స్‌గివింగ్ పండగ నాడు టర్కీ కోడి చల్లారిపోయేదాకా అదే చెప్పావుగా…

విను ముందు. నాలుగో చోట ఒకమ్మాయి ఎత్తింది. మా అన్నయ్య రిటైర్మెంట్ ఖాతాలో నాణేలు ఇంట్లోనే ఇనప్పెట్టెలో పెట్టుకుంటాడు, అలాగైతే మీరెంత తీసుకుంటారమ్మా అని అడిగాను… ఏమంటుంది, ఇంట్లోనా అని రెండుసార్లు అడిగింది. తర్వాత చెప్పింది. నాణేలు ఇంటికొచ్చిన రోజే అవి ఖాతాలోంచి తీసేసుకున్నట్టట. వాటి విలువంతా ఆ ఏడాది రాబడి కిందే లెక్కట. మొత్తానికీ పన్ను…

నీకీ ఉపాయం చెప్పిన రేడియో ప్రకటన ఆయన అలా చెప్పలేదా? అయితే పన్ను కూడా ఆయన్నే కట్టమను…

కంపెనీయా. ఆ, ఉంది, కంపెనీ ఉంటే నాణేలు ఇంట్లో పెట్టుకోవచ్చని మన చెల్లి ఓపల్ పేర నువ్వు పెట్టించిన కంపెనీ. జన్మంతా బడి వంటగదిలో గరిటె తిప్పినదాన్ని మేనేజర్ని చేశావు. దాని నాణేలు తెచ్చి నీ జింకల వేట తుపాకుల పక్కన పెట్టావు… అదీ చెప్పాను ఆ అమ్మాయికి. కంపెనీ పెట్టినా ఇల్లు ఇల్లే అంది…

నీ సంగతి నాకనవసరం, వెండెల్. నీకు పొలం ఉంది. మన చెల్లికి ఏముంది, ఆ నాణేలు తప్ప? ఆ సర్కారు ఫ్లాట్‌లో దాని అద్దె దేన్నిబట్టి వేస్తారో ఎప్పుడైనా అడిగావా… ఏడాది రాబడిని బట్టి. బంగారమంతా ఈ ఏడాది రాబడైతే, దాన్ని అక్కడ ఉండనిస్తారా…

అరవకు… నేను అరవడం లేదు…

ఏమన్నావు? మళ్ళీ అను… అంటే నీకు ముందే తెలుసు… ఎప్పుడు చెప్పాడు నీ పన్ను లెక్కలు చూసే ఆయన?… వసంతంలో. వసంతంలో తెలిసి, ఇప్పుడు నన్ను సంతకం పెట్టమంటున్నావు…

ఆహా. ముగ్గురం ఒకే పని చేస్తే తప్పు నీ ఒక్కడి మీదే పడదనా… మరి ఇంకెందుకు? చెప్పు, వింటున్నా…

ఓపల్‌కి చెప్పొద్దా? అది తట్టుకోలేదనా, నువ్వు దాని మొహం చూడలేవనా…

సరే, నేను చెప్పను. చెప్పే పని లేదు. నువ్వు మొదటి మాట అన్నప్పటి నుంచీ ఫోను స్పీకర్లోనే ఉంది. అది నా ఎదురుగా కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది…

వెండెల్… ఉన్నావా?

లేదు, ఏడవడం లేదు. చాకు కింద పెట్టింది, అంతే… ఆగు, ఏదో అంటోంది…

వినపడలేదా? సాయంత్రం నువ్వేమైనా తిన్నావా అని అడుగుతోంది… అవును, అదే అడుగుతోంది. మేవిస్ వదిన పోయినప్పటి నుంచీ డబ్బాల్లో తిండేనటగా నీది…

నేనైతే అడిగేదాన్ని కాదు… నాకు చెప్పకు. స్పీకర్ తీసేసి ఫోను దాని చేతికిస్తున్నా. తిన్నదీ చెప్పు, చేసిందీ చెప్పు. నేను దుంపలు చూసుకుంటా.