మొదటి జట్టు

ఆస్పత్రి వరండాలో తండ్రీ కూతుళ్ళు కూర్చున్నారు. తాతను నలభై దాటనివ్వని కొలెస్ట్రాల్ ఆ ఇద్దరి రక్తంలోనూ ఉంది.

“జన్యు చికిత్స చేయించుకుని ఏడాదైంది. నీ కొలెస్ట్రాల్ ఇసుమంతైనా దిగలేదు నాన్నా!”

“దిగదని డాక్టరమ్మ ముందే చెప్పిందమ్మా. ఈ ప్రయోగంలో మొదటి జట్టుకి చిన్న డోసే. మనిషి తట్టుకుంటాడో లేదో చూడటానికి.”

“తెలిసే ఎక్కించుకున్నావా? మళ్ళీ ఇవ్వరట కదా!”

“ఇవ్వరు. ఒంటికి ఒక్కసారే. రెండోసారి ఎక్కిస్తే ఒళ్ళే దాన్ని తిప్పికొడుతుందట.”

“పెద్ద డోసు వచ్చేదాకా ఆగొచ్చుగా?”

“అందరూ ఆగితే అది వచ్చేదెలాగే? మా జట్టులో ఎవరి లివరూ చెడలేదు, జ్వరం కూడా రాలేదు. అందుకే నీ జట్టుకి పెద్ద డోసు ఇస్తున్నారు.”

“ఆ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాలంటే భయంగా ఉంది.”

“గ్రీజు చేతులోడినని మీ మేనమామలు పెళ్ళిళ్ళలో నాకు వెనక కుర్చీ చూపించేవాళ్ళు. ఇక్కడ అందరికంటే ముందు కూర్చున్నది నేనే. ఇంత చదివిన డాక్టర్లు నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నారు, నీకేమైందే?”

“మరి నీ గుండె?”

“మాత్రలున్నాయిలే. వెళ్ళి సంతకం పెట్టు. ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టకు, పూర్తిగా రాయి. లోపలున్న వాళ్ళందరికీ ఆ పేరు తెలుసు.”