బొమ్మల పటం లేని చోట

1974 వానాకాలంలో ఒక ఉదయం, గూడూరు బడి వరండాలో ఇంగ్లీషు పంతులు ఎదుట సుగుణ తల్లి తలవంచుకుని నిలబడింది.

"సార్, మా సుగుణ మీ పేరు చెడగొట్టింది. తమ్మునికి దగ్గయితే, మందు సీసా మీద ఇంగ్లీషుల ఏం రాసుందో చదువుమన్న. తాగమని రాసిండ్రన్నది. ఎదకు రుద్దే మందట గది!"

"పిల్లగాడు ఎట్లున్నడు?"

"కక్కిండు. రెండు దినాలు దవాఖానల ఉంచుకుని పంపిండ్రు. ఇప్పుడు గంజి తాగుతుండు. సుగుణనే అన్నం ముడుతలేదు. జెండా పండుగనాడు ఊరందరి ముందట వంద ఇంగ్లీషు మాటలు చెప్పింది గద, దిష్టి తగిలి మరిచిందంటున్నరు."

పంతులుకు తల కొట్టేసినట్టయింది.

"దిష్టి కాదమ్మా. దానికి ఇంగ్లీషు చదువరాదు."

"గదేంది సార్? మీరే చప్పట్లు కొట్టిచ్చిండ్రు!"

"బొమ్మల పటం మీద కట్టె పెట్టి వరుసగ పలికిచ్చిన. అది పాటలెక్క ఒప్పజెప్పింది. పటం తీసేసి ఒక్క మాటన్న చదివిచ్చి చూడలేదు. చూస్తే ఏం తేలుతదో నాకెరుకే."

ఆమె తలెత్తి పంతులు వైపు చూసింది.

"మరి రాదని అదన్న నాకు చెప్పొచ్చు గద సార్?"

"ఊరంత మెచ్చుకున్నంక ఎట్ల చెప్తది? నేనే చెప్పలేకపోయిన. పద, ఇంటికొచ్చి తప్పు నాదేనని దానికి చెప్త."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రాండ్రి సార్. కానీ సార్ తప్పు చేసిండంటే అది నమ్మది."